కుర్చీ ఎవరి చేతుల్లో నడుస్తుంది?

నేను చదివింది అరవ బడిలో, తెలుగు రాయడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

నడవలేని పెద్దల కోసం మన హాలుకు రెండు చక్రాల కుర్చీలు కొనాలని పోయిన కూటంలో అనుకున్నాం. "తేలికగా, మడిచేటట్టు, ధర తక్కువలో ఉంటే చాలు" అన్నారు చాలామంది. కొనేముందు ఈ కుర్చీల చరిత్ర కొంచెం చెప్తాను.

1944లో ఘాట్ రోడ్డు వేసేదాకా తిరుమల కొండమీదికి బండి పోయే దారి లేదు. మెట్లెక్కలేనివాళ్ళు డోలీలో పోయేవారు. మోసేవాళ్ళు ఎక్కడ దించితే అక్కడే దిగాలి. ఇంగ్లండులో బాత్ అనే ఊరు వేడినీటి ఊటలకు పేరు. అక్కడ 1750 ప్రాంతంలో జేమ్స్ హీత్ రోగుల కోసం చక్రాల కుర్చీ చేశాడు. దారి తిప్పే పిడి కూర్చున్నవాళ్ళ చేతిలోనే ఉండేది, కానీ కుర్చీ కదలాలంటే ఇంకొకరు లాగాలి, లేదా తోయాలి.

దానికి దాదాపు నూరేళ్ళ ముందే, 1655లో, జర్మనీలో స్టీఫన్ ఫార్ఫ్లర్ వేరే దారి చూపాడు. ఆయన గడియారాలు చేసేవాడు, నడవలేడు. చేత్తో తిప్పితే నడిచే మూడు చక్రాల కుర్చీని తనకోసం తానే చేసుకున్నాడు. తర్వాత అమెరికాలో, గని ప్రమాదంలో వెన్ను విరిగిన హెర్బర్ట్ ఎవరెస్ట్, ఆయన స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్ కలిసి 1933లో మడిచి కారులో పెట్టుకునే ఇనుప గొట్టాల కుర్చీ చేశారు. మనం స్టేషన్లలో చూసేది దాని వారసత్వమే.

ఇప్పుడు అంగడిలోనూ ఆ రెండు దారులే. ట్రాన్స్‌పోర్ట్ చైర్‌కు నాలుగూ చిన్న చక్రాలు, వెనక మనిషి తోయాల్సిందే. వీల్ చైర్‌కు వెనక 24 అంగుళాల పెద్ద చక్రాలు, కూర్చున్నవాళ్ళే తిప్పుకోవచ్చు.

నేను చేసిన తప్పు చెప్తాను. మా పెదనాన్నకు కాళ్ళు పోయాయి, చేతులు గట్టివి. ఆటోలో పడుతుందని చిన్న చక్రాలది కొన్నాను. ఒకరోజు ఆయన్ని వాకిట్లో కూర్చోబెట్టి రేషన్ అంగడికి పోయాను. వరుసలో ఆలస్యమైంది. వచ్చేసరికి నీడ పోయి, ఎండలో చెమటతో కూర్చుని ఉన్నారు. రెండడుగుల దూరంలో నీడ ఉంది. "ఈ కుర్చీ నీ వసతికి కొన్నావురా, నాకు కాదు" అన్నారు. ముప్ఫై ఏళ్ళు రైల్లో ఉద్యోగం చేసి, ప్లాట్‌ఫారం మీద రోజూ కుర్చీలు చూసినవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్న ఆయన్ని అడగలేదు.

అందుకే నా మాట: చేతులు ఆడేవాళ్ళకు పెద్ద చక్రాలది ఒకటి, చేతులూ ఆడనివాళ్ళకు, కారులో తీసుకుపోవడానికి చిన్నది ఒకటి కొందాం. పెద్ద చక్రాలది వెడల్పు ఎక్కువ, కాబట్టి హాలు తలుపు, కక్కసు తలుపు ముందే కొలవాలి. చిన్న చక్రాలు గడప దగ్గర తట్టుకుంటాయి, తోసేవాళ్ళు జాగ్రత్త. ఏదైనా సరే, లేచేముందు బ్రేకు వేయాలి, కాలిపలకలు పైకి మడవాలి. పలక మీద కాలు మోపి లేస్తే కుర్చీ ముందుకు ఒరుగుతుంది.

వచ్చే కూటానికి మన పెద్దల్ని కూడా పిలుద్దాం. కూర్చునేది వాళ్ళు కదా, వాళ్ళే చూసి చెప్పనీ.