తల్లి తరువాత నెవ్వరు?

నూజివీటి ప్రాంతపు మామిడితోటలలో కాయకోత కాలమున సందడికి కొదువ యుండదు. ఆ కేకల నడుమ చెవులు మూసికొని చెట్టుమొదట గూర్చుండు పిల్లవాడు మా రెడ్డిగూడెము వైపునను గానవచ్చును. పిలిచిన పలుకడు, కన్నులలోనికి జూడడు, కాని రాలిన కాయలను పరిమాణము చొప్పున వరుసగా బేర్చును. ఆ వరుసలో నొక్కకాయను గదల్చినచో విలవిలలాడును. ఊరు వానిని 'మాలోక' మనును. కొందరు గాలి సోకినదందురు. కొందరు తల్లిని నిందింతురు. ఆ తల్లి యడుగు ప్రశ్న యొక్కటియే: “నా తరువాత వీని కెవరు?” దీనికి చరిత్ర యేమి బదులు చెప్పినదో విచారింతము.

ఈ స్థితికి ఆటిజమని పేరు. గ్రీకుభాషలో 'ఆటోస్' అనగా 'తాను' అని యర్థము. స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్ 1911 ప్రాంతమున వేరొక మనోవ్యాధి లక్షణమును దెలుపుటకై యీ పదమును వాడెను. దీనిని కొందరు 'స్వలీనత' యని సంస్కృతీకరించిరి. పదము ఇంపుగనే యున్నది గాని సగము సత్యమే చెప్పుచున్నది. ఆ పిల్లవాడు మనలను వలదనుకొన్నవాడు కాడు. మన ధ్వనులు, మన స్పర్శ, మన మాటల మఱుగునగల యర్థములు వానికి భారములు. మన యొద్దకు వచ్చు దారి వానికి దుర్గమము. ఆ దారిలో సగము మనము నడువవలదా?

1925 లో రష్యా వైద్యురాలు సుఖారెవా ఇట్టి బాలురను వర్ణించెను. 1943 లో అమెరికాలోని బాల్టిమోరునందు లియో కానర్ 11 మంది పిల్లలను గూర్చి ప్రకటించిన వ్యాసముతో నీ స్థితి లోకప్రసిద్ధమయ్యెను. అందు మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. ఇతడు 1933 లో మిసిసిపి రాష్ట్రమునందలి ఫారెస్ట్ అను చిన్నయూరిలో జన్మించెను. 1937 లో తలిదండ్రులు వైద్యుల మాట విని యతనిని శరణాలయమున జేర్చిరి. అచ్చట పిల్లవాడు మఱింత ముడుచుకొనిపోయెను. ఏడాదికి వారతనిని మరల నింటికి దెచ్చుకొనిరి.

తరువాత నతడు కొన్నియేండ్లు సమీపమున నొక రైతుదంపతుల యొద్ద నుండెను. వారతని లెక్కల పిచ్చిని మాన్పజూడలేదు. దానికి బని కల్పించిరి. కొలతలపై మోజు గలవానికి బావి లోతు కొలుచు పని యప్పగించిరి. మొక్కజొన్న సాళ్లను లెక్కపెట్టుచుండగనే వానికి దుక్కి దున్నుట యలవడెను. పల్లెబడి యతని వింతనడతలను సహించెను. పిదప డొనాల్డ్ కళాశాలలో బట్టము పొంది, బ్యాంకులో బనిచేసి, కారు నడుపుచు, గోల్ఫు ఆడుచు, 2023 లో మరణించువఱకు తనయూరివారి నడుమనే జీవించెను. ఆటిజము పోలేదు, ఊరు సర్దుకొన్నది.

అది కలవారి బిడ్డకు దక్కిన భాగ్యమని యెవరైన నాక్షేపింపవచ్చును. నిజమే, ఆ బ్యాంకు తల్లి పుట్టింటివారిదే. లేనివారి బిడ్డలెందఱో శరణాలయములలో నశించిరి. పైగా తల్లుల మనస్సు చల్లనగుటయే యీ స్థితికి గారణమను నపవాదము వ్యాపించెను. బెటెల్‌హైమ్ 1967 నాటి గ్రంథమున నీ వాదమునే బలపఱచెను. స్వయముగ నిట్టి బిడ్డకు దండ్రియైన రిమ్లాండు 1964 లోనే దీనిని ఖండించియుండెను. 1977 లో ఫోల్‌స్టెయిన్, రట్టర్ అనువారు కవలపిల్లలను బరిశీలించి యిందు వంశానుగతమగు కారణము ప్రబలమని చూపిరి. తల్లిపై మోపిన నేరము శాస్త్రమున గొట్టివేయబడినది; మన యరుగులమీద మాత్ర మింకను నిలిచియున్నది.

మనదేశపు చట్టమును మెల్లగనే మేల్కొన్నది. 1984 లో సికింద్రాబాదున బుద్ధిమాంద్యము గలవారికై జాతీయసంస్థ వెలసెను. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజమునకు దావే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము తల్లి ప్రశ్నను సూటిగా దలకెత్తుకొనెను: తలిదండ్రుల మరణానంతరము పోషణరక్షణలు దాని యుద్దేశములలో నొకటి. సంరక్షకుని నియమించుటకు జిల్లా మేజిస్ట్రేటు స్థాయి యధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు గల స్థానికసంఘ మేర్పడెను. 2016 నాటి చట్టము 21 వైకల్యములలో ఆటిజమును జేర్చినది. నిర్ణీతస్థాయి వైకల్యము గలవారికి 6 మొదలు 18 ఏండ్లవఱకు ఉచితవిద్యను హక్కుగా జేసినది.

అయినను సంరక్షకుని నియమించు చట్టము చుట్టములను నియమింపజాలదు. ఆ పని యూరిది. బడిలో గంటకు దూరముగ వానికొక తావు చూపవచ్చును. నేటి పాఠక్రమము మాఱునెడల ముందుగనే తెలుపవచ్చును. ఈ పని ఉపాధ్యాయులమైన మేమే చేయవలసినది. మాలో ననేకులము చేయలేదు. జాతరలో డప్పులకు దవ్వుగ నిలిపి దేవుని జూపవచ్చును. చిన్నరసములను, బంగినపల్లిని, కలెక్టరుకాయను పొరబాటులేక వేఱుచేయగల చేతులకు తోటయజమాని పని యీయవచ్చును. కూలి మాత్రము తక్కినవారితో సమముగ నీయవలెను, జాలికూలి పనికిరాదు. మాటరానివాడు బొమ్మ చూపియో, సైగ చేసియో కోరినదానిని మాటగనే యెంచవలెను.

వీనిలో నొక్కదానికిని పెద్దధనము వలదు. కాని తల్లి బ్రదికియుండగనే యివి మొదలుకావలెను. ఆమె కన్నుమూసిననాడు వానికి గ్రొత్తగ నూరిని బరిచయము చేయుట సాధ్యము కాదు. వాడు పేరుపెట్టి యెఱిగిన యిండ్లు పది, వానిని పేరుపెట్టి పిలుచు నోళ్లు పది యున్నచో, ఆమె ప్రశ్నకు మనయూరు బదులు చెప్పినట్లగును. 'మాలోక' మను పిలుపును మాని వాని పేరును నేర్చికొనుటతో నది మొదలగుగాక.