పార్కులో మ్యూజిక్ ఫెస్టివల్ పెడుతున్నారా? ముందు గేట్లు లెక్కపెట్టండి.. అనుమతులు, జాగ్రత్తలు ఇవే

వెబ్ డెస్క్, ఏలూరు: సంక్రాంతి, కొత్త సంవత్సరం, కాలేజీ ఫెస్ట్.. సందర్భం ఏదైనా ఇప్పుడు లైవ్ మ్యూజిక్ ఉండాల్సిందే. పెద్ద నగరాల్లో స్టేడియాలు, ఎగ్జిబిషన్ గ్రౌండ్లు ఉంటాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి చోట్ల నిర్వాహకుల చూపు ముందుగా పడేది మున్సిపల్ పార్కు మీదే. చెట్లు, పచ్చిక, లైట్లు అన్నీ రెడీగా ఉంటాయి, ఊరి మధ్యలో ఉంటుంది, అద్దె కూడా తక్కువ. కానీ పార్కును కట్టింది పొద్దున్నే నడిచే వాళ్ల కోసం, సాయంత్రం ఆడుకునే పిల్లల కోసం. ఒకేసారి వేల మంది వచ్చి, ఒకేసారి బయటికి వెళ్లడానికి కాదు.

ఏలూరుకు జనం కొత్త కాదు. ఏడేళ్లకోసారి వచ్చే గంగానమ్మ జాతరకు ఊరు ఊరంతా కదులుతుంది. అయితే జాతర జనం వీధుల్లో పరుచుకుంటారు. ఒక వీధి కిక్కిరిస్తే పక్క సందులోకి తిరుగుతారు. పార్కులో ఆ అవకాశం ఉండదు. చుట్టూ ప్రహరీ, వెళ్లడానికి ఒకటో రెండో గేట్లు. అందుకే పార్కు ఈవెంట్‌లో అసలు పరీక్ష గేటు దగ్గరే మొదలవుతుంది.

తిరుపతి పార్కులో ఏం జరిగింది?

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో జరిగిన విషాదం దీనికి ఉదాహరణ. అది సంగీత కార్యక్రమం కాదు. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన భక్తులను బైరాగిపట్టెడలోని పద్మావతి పార్కులో ఉంచారు. అస్వస్థతకు గురైన ఓ మహిళను బయటికి తీసుకురావడానికి గేటు తెరవడంతో, టోకెన్ల కోసమే తెరిచారనుకుని జనం ఒక్కసారిగా తోసుకొచ్చారని అప్పట్లో అధికారులు చెప్పారు. ఆరుగురు చనిపోయారు. పదుల సంఖ్యలో గాయపడ్డారు.

ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. అదే గేటు జనానికీ, అదే గేటు అత్యవసరానికీ వాడాల్సి వచ్చింది. పైగా గేటు ఎందుకు తెరుస్తున్నారో లోపలున్న వాళ్లకు తెలియలేదు. సంగీత కార్యక్రమంలో అయితే దీనికి చీకటి, హోరు కూడా తోడవుతాయి. మైకులో చెప్పినా వినపడని పరిస్థితి.

ఎంతమందిని రానివ్వాలి? లెక్క ఇలా

"ఎంతమంది వస్తారు" అని కాదు, "ఎంతమంది పడతారు" అని అడగాలి. ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అందులో వేదిక, చెట్లు, కొలను, నడక దారి, ఫుడ్ స్టాళ్లు, అంబులెన్స్ దారి తీసేస్తే సగం మిగిలిందనుకుందాం. అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున నిలబడితే హాయిగా పట్టేది 4,000 మంది.

అదే చదరపు మీటరులో ఐదుగురు దాటితే ప్రమాదం మొదలైనట్టే. ఆరేడుగురు అయితే మనిషి తన ఇష్టంతో అడుగు వేయలేడు. జనం నీళ్లలా అలలు అలలుగా ఊగుతారు. ఇలాంటి ఘటనల్లో ఎక్కువ మంది చనిపోయేది కాళ్ల కింద పడి కాదు, ఛాతీ కదలక ఊపిరాడక. నిలబడిన వాళ్లు నిలబడినట్టే స్పృహ తప్పుతారు.

ఇక బయటికి వెళ్లే లెక్క. బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకు వాడే 'గ్రీన్ గైడ్' ప్రకారం చదునైన దారిలో ఒక మీటరు వెడల్పుకు నిమిషానికి గరిష్ఠంగా 82 మంది వెళ్లగలరు. మూడు మీటర్ల గేటు ఒక్కటే ఉంటే నిమిషానికి 246 మంది. 4,000 మంది ఖాళీ కావడానికి 16 నిమిషాలు పైనే. అలాంటి గేట్లు రెండుంటే 8 నిమిషాలు. మామూలుగా స్టేడియంలో ప్రేక్షకులు సీట్ల దగ్గర్నుంచి బయటపడటానికి ఆ గైడ్ పెట్టిన గరిష్ఠ సమయం కూడా 8 నిమిషాలే. అంటే ఎకరం స్థలంలో 4,000 మందికి కూడా ఒక్క గేటు చాలదు. రెండు గేట్లలో ఒకటి ఏ కారణంతోనైనా మూసుకుపోవచ్చు కాబట్టి మూడోది ఉండాలి. ఆ మూడోదానికి ఎదురుగా బైకులు పార్క్ చేస్తే అది లేనట్టే లెక్క.

ఎవరెవరి అనుమతి కావాలి?

* మున్సిపల్ కార్పొరేషన్: పార్కు వాళ్లదే కాబట్టి మొదటి అనుమతి ఇక్కడే. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు 100 మంది దాటిన కార్యక్రమానికి కనీసం 3 పని దినాల ముందు స్థానిక సంస్థకు చెప్పాలన్నాయి. తడి, పొడి చెత్త వేరు చేయించే బాధ్యత నిర్వాహకులదే.
* పోలీసులు: బందోబస్తు, ట్రాఫిక్, లౌడ్ స్పీకర్ పర్మిషన్.
* అగ్నిమాపక శాఖ, విద్యుత్ శాఖ: వేదిక, షామియానాలు, జనరేటర్లు, కేబుళ్లు.
* వైద్య శాఖ: అంబులెన్స్, ప్రథమ చికిత్స కేంద్రం, దగ్గరి ఆస్పత్రికి ముందస్తు సమాచారం.
* పాటల హక్కులు: సినిమా పాటలు పాడినా, ప్లే చేసినా కాపీరైట్ లైసెన్స్ తీసుకోవాలి. పెళ్లి వేడుకలకు ఉన్న మినహాయింపు టికెట్ షోలకు వర్తించదు.

అనుమతులు చేతికొచ్చాకే టికెట్లు అమ్మాలి. 2023 డిసెంబరులో హైదరాబాద్‌లో కొత్త సంవత్సర వేడుకగా ప్రచారమైన 'సన్‌బర్న్' షోకు పర్మిషన్ రాకముందే ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మారంటూ సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. తేదీ ప్రకటించి, టికెట్లు అమ్మేశాక అధికారుల మీద ఒత్తిడి పెరుగుతుంది. గేట్లు చాలవని తెలిసినా కాదనడం కష్టమవుతుంది.

సౌండ్ ఎంత? ఎప్పటిదాకా?

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. పండగల సమయంలో రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు కానీ ఏడాదికి 15 రోజులు మించకూడదు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. కార్యక్రమం జరిగే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత పరిమితి కన్నా 10 డెసిబెల్స్ మించకూడదు. లేదా 75 డెసిబెల్స్.. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. అంటే ఇళ్ల మధ్య పార్కులో సాయంత్రం ప్రహరీ దగ్గర 65 దాటకూడదు. ఆస్పత్రి, స్కూలు, కోర్టుకు 100 మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం అయితే లౌడ్ స్పీకర్ మాటే ఎత్తకూడదు.

వేదిక ముఖం ఇళ్ల వైపు కాకుండా తిప్పడం, రెండు పెద్ద స్పీకర్ గుట్టల బదులు చిన్నవి ఎక్కువ చోట్ల పెట్టడం, బాస్ తగ్గించడం పని చేస్తాయి. ఇళ్లలోకి ఎక్కువగా చొచ్చుకొచ్చేది బాసే. కొల్లేరు వైపు గ్రామాల్లో అయితే ఇంకో సంగతి. చలికాలం షోల సీజనే వలస పక్షుల సీజన్ కూడా. అభయారణ్యం దగ్గర హోరు, లేజర్ లైట్లు పెట్టకపోవడమే మంచిది.

సమయపాలనలో ఎంత పెద్ద స్టార్ అయినా ఒకటే. 2012 జులై 14న లండన్ హైడ్ పార్కులో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, పాల్ మెకార్ట్నీ కలిసి వేదికపై ఉండగానే, గడువు దాటిందని నిర్వాహకులు మైకులు కట్ చేశారు.

షో ఆపేది ఎవరు?

2021 నవంబరు 5న అమెరికాలోని హ్యూస్టన్‌లో, ఎన్ఆర్‌జీ పార్క్‌లో జరిగిన ఆస్ట్రోవరల్డ్ ఫెస్టివల్‌లో తొక్కిసలాటకు 10 మంది చనిపోయారు. భారీ ప్రమాదం జరిగిందని రాత్రి 9.38కి అధికారులు ప్రకటించాక కూడా దాదాపు అరగంట పాటు పాట ఆగలేదు. కాబట్టి షో ఆపే అధికారం ఎవరిదో ముందే రాసిపెట్టుకోవాలి. వేదిక పక్కన ఒక పోలీసు అధికారి, ఒక నిర్వాహకుడు ఉండాలి. ఆ ఇద్దరిలో ఎవరు చెప్పినా పాట ఆగాలి, లైట్లు వెలగాలి. ఆ మాట గాయకుడికీ, సౌండ్ ఇంజినీర్‌కీ రిహార్సల్ రోజే చెప్పాలి.

వాన వస్తే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. 2023 నవంబరు 25న కొచ్చిలోని కుసాట్ క్యాంపస్‌లో టెక్ ఫెస్ట్ మ్యూజిక్ షోకు ముందు వాన పడటంతో బయటున్న వాళ్లు ఆడిటోరియంలోకి దూసుకొచ్చారు. మెట్ల దగ్గర తొక్కిసలాటలో నలుగురు చనిపోయారు. వట్లూరు ఇంజినీరింగ్ కాలేజీ అయినా, మరే క్యాంపస్ అయినా ఫెస్ట్ పెట్టే వాళ్లు గుర్తుంచుకోవాల్సిన ఘటన ఇది. మన దగ్గర చినుకు పడితే జనం వెతికేది చెట్టు నీడ, షెడ్డు. గేట్లకు అడ్డంగా షెడ్లు లేకుండా చూసుకోవాలి.

షో అయిపోయాక పార్కు సంగతి?

2023 సెప్టెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో వానలోనే గ్లోబల్ సిటిజన్ ఫెస్టివల్ జరిగింది. జనం తొక్కిడికి, బరువైన సామగ్రికి గ్రేట్ లాన్ బురదయింది. దాదాపు మూడో వంతు పచ్చిక పోవడంతో మరుసటి ఏడాది ఏప్రిల్ దాకా లాన్‌ను మూసేశారు. ఒక్క సాయంత్రం పాటకు నగరవాసులు నెలల తరబడి లాన్ వదులుకోవాల్సి వచ్చింది. డెల్టా నల్లమట్టి నేలలో తడిస్తే లారీ టైరు దిగబడుతుంది. అందుకే బరువైన వాహనాలకు ప్లేట్లు పరవాలి. చెట్ల వేర్ల మీద వేదిక నిలపకూడదు. మరమ్మతుకు డిపాజిట్ ముందే తీసుకుని, పార్కు బాగయ్యాకే తిరిగివ్వాలి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. వేదిక కట్టడానికి, విప్పడానికి పార్కు ఎన్ని రోజులు మూస్తారు? లండన్ బ్రాక్‌వెల్ పార్క్‌లో ఏటా జరిగే ఫెస్టివల్స్ మీద స్థానికులు కోర్టుకెళ్లారు. ఏడాదిలో 28 రోజులకు మించి అలా వాడటానికి కౌన్సిల్ ఇచ్చిన వెసులుబాటు చెల్లదని 2025 మేలో హైకోర్టు చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇవ్వడాన్ని తప్పుపట్టింది. పార్కు అందరిదీ. టికెట్ కొన్న వాళ్లది ఆ సాయంత్రం వరకే.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక మధ్యేమార్గం కనిపిస్తుంది. అక్కడ సభలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు లలిత కళా తోరణం అనే ఓపెన్ ఎయిర్ వేదిక విడిగా ఉంది. పార్కులో ఏటా కార్యక్రమాలు జరుగుతాయనుకుంటే ఇలా ఒక మూల శాశ్వత వేదిక, దానికి సొంత గేట్లు కట్టడం మేలు. మిగతా పార్కు జోలికి వెళ్లాల్సిన పని ఉండదు.

వెళ్లే వాళ్లు ఏం చేయాలి?

* లోపలికి వెళ్లగానే వచ్చిన గేటు కాకుండా ఇంకో గేటు ఎక్కడుందో చూసుకోండి.
* పిల్లల జేబులో ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.
* చేతులు కదపలేనంత ఇరుకైతే పాట పూర్తయ్యేదాకా ఆగకండి. పక్కకు జరుగుతూ అంచుకు వచ్చేయండి.
* తోపులాట మొదలైతే చేతులు ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోండి. చెప్పు జారినా, ఫోన్ పడినా వంగకండి.
* ఎవరైనా పడిపోతే వెంటనే లేపండి. అత్యవసరమైతే 112, అంబులెన్స్‌కు 108.