ఇరవై ఏండ్ల తర్వాత మా హాజరు పట్టీ

పోస్టు పెద్దగుంటది, తీరిక చేసుకొని చదవండి.

2024 మే నెలలో మా పదో తరగతి బ్యాచ్ వాళ్లం కలుసుకున్నం. 2004 మార్చిలో పరీక్ష రాసినోళ్లం, అంటే ఇరవై ఏండ్లు. ఉట్నూర్ ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాల మాది. దాని పేరు రాస్తలేం. కింద చెప్పే సంగతులు ఆ ఒక్క బడికే సంబంధించినవి కావు, మీ బడిలో కూడా ఇవే జరిగి ఉంటయి. ఆరో తరగతిలో మేము 52 మందిమి. పదో పరీక్ష రాసింది 29 మందిమి. ఆ రోజు వచ్చింది 21 మందిమి.

మొదట అందరూ మాట్లాడేవే మాట్లాడుకున్నం. ట్రంకు పెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకునుడు, బోరింగు కాడ తెల్లారకముందే లైను, నీళ్ల పప్పులో పప్పు వెతుక్కునుడు, ఆదివారం గుడ్డు ఎవరిది పెద్దగున్నదని కొట్లాట. అంగడి నాడు ఎవరి నాయిన వస్తే ఆయన తెచ్చిన జొన్న రొట్టె, వేయించిన ఇప్ప పువ్వు గది మొత్తానికి పంచుడే. స్టడీ అవర్ల కరెంటు పోతే సంబురం. ఒక్కొక్కరు చెప్తుంటే నవ్వి నవ్వి కడుపు నొచ్చింది.

అట్ల మాట్లాడుతుంటే ఒకామె ఉద్యోగం పని మీద తెచ్చుకున్న తన పదో తరగతి మెమో తీసింది. పుట్టిన తేదీ చూస్తే జూన్ 15. పక్కనున్నతను నాది కూడా జూన్ 15 అన్నడు. ఇంకొకరిది జూన్ 10, ఇంకొకరిది జూన్ 12. లెక్క పెడితే 21 మందిలో 14 మంది జూన్‌లోనే పుట్టినం! వానకాలం మొదట్ల మన అమ్మలందరూ కూడబలుక్కొని కన్నట్టున్నదని ఒకరు అంటే మళ్లీ నవ్వినం. తర్వాత కొంచెం సేపు ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే అది ఎట్ల అయ్యిందో మాకు తెలుసు. బడి తెరిచేది జూన్‌లో. బడిలో వేసేటప్పుడు వయసు లెక్క సరిపోవాలె. మన అమ్మ "జొన్న కోతలప్పుడు పుట్టిండు" అని చెప్తది, సారు జూన్ అని రాస్తడు. ఆ ఒక్క గీత మీదనే మన ఓటు కార్డు, ఆధార్, ఉద్యోగం, రేపు రిటైర్మెంటు, అన్నీ నిలబడి ఉన్నయి.

ఇంటిపేర్ల సంగతి ఇంకా ఎక్కువ. మా బ్యాచ్‌లో ఒకే తండ్రికి పుట్టిన ఇద్దరు అన్నదమ్ములున్నరు. పెద్దోని మెమోలో 'మడావి', చిన్నోని మెమోలో 'మాడవి'. కుల ధ్రువీకరణ పత్రం కోసం చిన్నోడు ఎన్ని నెలలు తిరిగిండో ఆ రోజు చెప్పిండు. కుమ్ర, కుమ్రం, కుంరం అని ఒకే గోత్రం మూడు తీర్ల రాసిన మెమోలు మా దగ్గరనే ఉన్నయి. మన దగ్గర గోత్రం అంటే ఎవరితో పెండ్లి సంబంధం కలుస్తది, ఎవరితో కలవదు, ఏ దేవుని కొలుస్తం అనేది చెప్పే పేరు. రాసిన సారుకు అది ఒక మాట మాత్రమే. ఆ సారును తిట్టేందుకు ఇది రాస్తలేం. ఆయనకు మన భాష రాదు, మన అమ్మకు ఆయన భాష రాదు. ఆ మధ్యల మన పేరు పడ్డది.

ఇక్కడి నుంచి మేము కొంచెం వెనక్కి పోయినం. మన బళ్లు ఎట్ల మొదలైనయి అని.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయిన తర్వాత, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం సర్కారు అనుకున్నది. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, భార్యతో కలిసి మార్లవాయిలో ఉన్నడు. భూమి పట్టాల సంగతి, అడవి సంగతి అందరికీ తెలుసు. బడి సంగతి తక్కువ మంది చెప్తరు. 1943లో మార్లవాయిలో గోండు పిల్లగాండ్లను సార్లుగా తయారు చేసే కేంద్రం పెట్టిన్రు. చదువు అంతంత మాత్రం వచ్చిన మన యువకులనే తీసుకొని, నేర్పి, ఊర్లకు పంపిన్రు. మొదటి వాచకాలు గోండి భాషలోనే, దేవనాగరి లిపిలో అచ్చు వేసిన్రు. అప్పట్ల ఈ దిక్కు మరాఠీ ఎక్కువ నడిచేది కాబట్టి ఆ లిపి తీసుకున్నరు. అంటే మన బడి మొదలైన రోజు సారు మనోడే, పుస్తకం మన మాటలోనే ఉండె. ఎనభై ఏండ్ల కింద!

తర్వాత నిజాం పోయిండు, 1956లో ఆంధ్రప్రదేశ్ అయ్యింది, చదువు తెలుగులోకి మారింది. గోండి వాచకాలు పక్కకు పోయినయి. ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, అంటే 1974 తర్వాత, ట్రైబల్ సబ్ ప్లాన్, ఐటీడీఏలు వచ్చినయి. ఆశ్రమ బళ్లు పెరిగినయి, హాస్టళ్లు కట్టిన్రు. దాని వల్లనే మాలాంటోళ్లం పదో తరగతి దాకా వచ్చినం, ఆ మాట కాదనలేం. మా నాయినలలో ఐదో తరగతి దాటినోళ్లు ఇద్దరే. కానీ బువ్వ పెట్టి, బట్ట ఇచ్చి, పుస్తకం ఇచ్చిన బడి మన మాట మాత్రం బయట పెట్టి రమ్మన్నది.

మాకు యాదికి ఉన్నది చెప్తం. ఆరో తరగతిలో నీళ్లు కావాల్నంటే 'ఏర్' అని అడిగితే క్లాసంతా నవ్వేది. నవ్విందెవరు? మేమే. రెండేండ్లు ముందు హాస్టల్‌కు వచ్చి తెలుగు నేర్చినోళ్లం కొత్తగా వచ్చినోళ్లను చూసి నవ్వినం. ఇది సార్ల మీద వేసే తప్పు కాదు, మా తప్పు.

బడి క్యాలెండరు కూడా అంతే. దసరాకు సెలవులు దండిగా ఉంటుండె. మనకు పెద్ద పండుగ దీపావళి దిక్కు వచ్చే దండారి. ఊర్లో గుస్సాడీలు ఆడుతుంటరు, డప్పు సప్పుడు హాస్టల్ దాకా వినపడ్తది, ఇక్కడ యూనిట్ టెస్ట్. సగం హాస్టల్ గోడ దుంకి పోతుండె. వారం తర్వాత వచ్చి సార్ల ముందు చేతులు చాపి నిలబడుతుండె. హాజరు పట్టీలో ఎర్ర సిరాతో గైర్హాజరు అని పడేది. అదే దండారిని ఆగస్టు 15 నాడు స్టేజీ మీద ఆడమనేటోళ్లు, అప్పుడు చప్పట్లు కొట్టేటోళ్లు. మార్లవాయి కనకరాజు గారికి 2021లో గుస్సాడీకి పద్మశ్రీ వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఒకరు పెట్టిన మెసేజ్ ఒక్కటే: "ఆ దెబ్బలు వాపస్ ఇయ్యిమనండి సార్లను." మస్తు నవ్వినం గాని మాట నిజమే.

సాంఘిక శాస్త్రంలో జలియన్‌వాలాబాగ్ చదివినం. ఏ సంవత్సరం, ఏ తేదీ, కాల్పులు జరిపించిన ఆఫీసరు పేరు, అన్నీ బట్టీ. ఆ పుస్తకం సంచిలో పెట్టుకొని ఎర్ర బస్సులో ఇంద్రవెల్లి స్తూపం పక్క నుంచి ఇంటికి పోయినం. 1981 ఏప్రిల్ 20న అక్కడ పోలీసు కాల్పులు జరిగినయని, సర్కారు లెక్కలోనే 13 మంది చనిపోయిన్రని మాకు పదో తరగతి అయిపోయే దాకా బడిలో ఎవరూ చెప్పలేదు. ఇంట్ల కూడా గట్టిగా చెప్పేటోళ్లు కాదు, భయం. అట్లనే నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు ఇండ్లల్ల భద్రంగ దాచి ఉన్నయని కూడా మాకు తెలియదు. మా బడి నుంచి పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేంత దూరం. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. మా బ్యాచ్‌లో ఇద్దరు ఇప్పుడు దానిలో తమ పేరు రాసుకుంటరు. మిగతా వాళ్లం ఫోన్ల ఆ అక్షరాలను బొమ్మల లెక్క చూస్తున్నం.

ఇప్పుడు అసలు సంగతి. మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక కొత్త సారు వచ్చిండు. గోండు సారు. మొదటి రోజు హాజరు పిలుస్తుంటే మా గోత్రాలు సరిగ్గ పలికిండు. పలికి, "మీది నాలుగు దేవుళ్లా, ఐదు దేవుళ్లా?" అని అడిగిండు. క్లాసులో ఎవరికీ మాట రాలేదు. బడి లోపల ఆ ప్రశ్న మాకు మొదటిసారి వినపడ్డది. లెక్కలు తెలుగులో చెప్పి, అర్థం కాకపోతే గోండిలో ఇంకోసారి చెప్పేటోడు. హిందీలో 20 మార్కులు వస్తే పాస్, లెక్కల్లో 35 రావాలె. మా సీనియర్లు ఎక్కువ ఆగిపోయింది ఆ లెక్కల కాడనే. మా బ్యాచ్‌లో లెక్కల్ల తప్పినోళ్లు నలుగురే. ఇది ఒక్క సారు ఘనత అంటే ఆయనే ఒప్పుకోడు. కానీ మేము అంటం.

ఆ సారు రావడానికి వెనుక ఒక కాగితం ఉన్నది: జీవో 3. అంతకు ముందు 1986లో జీవో 275 వచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అని. అది కోర్టు గొడవల్లో పడ్డది. ఆ తర్వాత 2000 జనవరి 10న జీవో 3 ఇచ్చిన్రు, నూరు శాతం పోస్టులు స్థానిక ఎస్టీలకే. ఎందుకు ఇచ్చిన్రో మన ఊర్లో ఎవరినడిగినా చెప్తరు. బయటి సార్లు కొందరు సోమవారం మధ్యాహ్నం బస్సుకు వచ్చి శుక్రవారం బస్సుకు పోయేటోళ్లు, వానకాలం వాగు పొంగితే అసలే వచ్చేటోళ్లు కాదు. వచ్చి ఇక్కడే ఉండి, మన మాట నేర్చుకున్న మంచి సార్లు కూడా ఉన్నరు. మా తెలుగు సారు అట్లాంటాయనే, ఆయన పెట్టిన భిక్షే ఈ పోస్టు రాసే తెలుగు. కానీ బడి నడవాలంటే మంచోళ్లు దొరికే అదృష్టం మీద నడవొద్దు గదా.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం జీవో 3ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం అన్నది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నోళ్లను తీసేయొద్దు, కానీ ఇక ముందు యాభై శాతం పరిమితి దాటొద్దు అన్నది. ఆ రోజు లాక్‌డౌన్. మా బ్యాచ్‌లో ఐదుగురు టీచర్లు. వాళ్ల ఉద్యోగాలు పోలేదు. కానీ వాళ్ల చేతి కింద చదివి, డీఎడ్, బీఎడ్ చేసి కూర్చున్న పిల్లలు ఫోన్లు చేసి ఏడ్చిన్రు. మా లెక్క ప్రకారం ఇది ఉద్యోగాల గొడవ ఒక్కటే కాదు. ఆరో తరగతిలో పిల్లగాడు 'ఏర్' అంటే నీళ్లిచ్చే సారు ఉంటడా ఉండడా అనే గొడవ. 1943లో మార్లవాయిలో మొదలైంది, మధ్యల ఆగిపోయింది, 2000లో మళ్లీ కొంచెం వచ్చింది, ఇప్పుడు మళ్లీ చేజారింది. ఐదో షెడ్యూలు కింద దీనికి ఇంకో దారి ఉన్నదో లేదో మన గ్రూపులో లా చదివేటోళ్లు వివరంగ రాయాలె. మేము ఇది వరకే అడిగినం, మళ్లీ అడుగుతున్నం.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తం. 52లో 29 పోను మిగతా 23 మంది. వాళ్లను మేము ఎన్నడూ బ్యాచ్ అని లెక్క పెట్టలేదు. వాళ్లల్ల తొమ్మిది మంది ఆడపిల్లలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్ల పెండ్లిండ్లు అయినయి. ఇద్దరు ఇప్పుడు లేరు. ఒకతను కొలాం పిల్లగాడు. గుట్ట మీద గూడెం, ఇంట్ల కొలామి, కొంచెం గోండి, తెలుగు అసలే రాదు. ఆరో తరగతిలో రెండు నెలలున్నడు. ఒక పొద్దున లేచి చూస్తే మంచం ఖాళీ. అడవి దారిన నడుచుకుంటూ ఇంటికి పోయిండు. మేము "పారిపోయిండు" అని చెప్పుకున్నం. ఇరవై ఐదేండ్లు అట్లనే చెప్పుకున్నం.

ఈసారి ఒకరు ఆయన ఊరికి బండి మీద పోయి పిలిచిన్రు. వస్తడని ఎవరూ అనుకోలేదు. మధ్యాహ్నం భోజనాలప్పుడు వచ్చిండు, కొత్త తువ్వాల వేసుకొని. పక్కన చిన్న కొడుకు. వెనుక వరసలో కూర్చున్నడు. మేము నవ్వుకున్న జోకులు సగం ఆయనకు తెలియవు. ఎందుకు పోయినవ్ అప్పుడు అని ఒకరు అడిగిన్రు. రాత్రి కడుపు నొచ్చింది, ఎట్ల చెప్పాల్నో తెలువలేదు, ఇంటికి పోతే అవ్వకు చెప్పొచ్చని పోయిన అన్నడు. పక్క మంచం మీద పండుకున్నోడు మాలోనే ఒకడు, ఇప్పుడు ఆయన టీచరు. ఆయన లేచి బయటికి పోయిండు.

సాయంత్రం హెడ్మాస్టరు గారిని అడిగితే పాత రిజిస్టర్లు తీసిచ్చిన్రు. కొన్ని చెదలు తిన్నయి. మాది 1999 నాటిది బాగనే ఉన్నది. పేర్లు చూసుకుంటూ, ఫొటోలు తీసుకుంటున్నం. ఆయన మెల్లగా ముందుకొచ్చి, "నాది ఉన్నదా?" అని అడిగిండు. వెతికినం. ముప్పై ఎనిమిదో నెంబరు. పేరు మీద ఎర్ర సిరా గీత, పక్కన 'దీర్ఘకాల గైర్హాజరు' అని. పుట్టిన తేదీ జూన్ 15.

ఆయనకు చదవరాదు. కొడుకు వేలు పెట్టి చదివి వినిపించిండు. కొట్టేసిన గీత సంగతి చెప్పలేదు, పేరు ఒక్కటే చదివిండు.