చేప తలలోని చిన్న గ్రంథి: మెదడు, పిట్యుటరీ, హార్మోనుల పని

వేసవి ముగిసే నాటికి చెరువులో పెరిగిన శీలావతి పొట్ట గుడ్లతో నిండి మెత్తగా ఉబ్బి ఉంటుంది. ఈడు వచ్చిన బొచ్చె, మోసు చేపలదీ అదే స్థితి. అయినను నిలువ నీటి చెరువులో అవి గుడ్లు పెట్టవు. కొన్నాళ్లకు ఆ గుడ్లు పొట్టలోనే క్షీణించి శరీరంలో కలిసిపోతాయి. అదే చేప వరద పొంగిన నదిలో ఉంటే ఒక్క విడతలోనే లక్షల గుడ్లను విడుస్తుంది. ఈ తేడాకు కారణం చేప తలలో ఉన్నది.

చేప మెదడు అడుగు భాగాన్ని హైపోథాలమస్ అంటారు. మన పాఠ్యపుస్తకాలలో దీని పేరు అధోపర్యంకం. దానికి క్రింద, రెండు కంటి నాడులు ఒకదానినొకటి దాటే చోటుకు కొంచెం వెనుకగా, పుర్రె అడుగున ఒక చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలో ఇమిడి ఉండేదే పీయూష గ్రంథి, అనగా పిట్యుటరీ. కిలోల బరువు తూగే చేపలో కూడా దీని బరువు కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. పుర్రె పైకప్పును తీసి మెదడును మెల్లగా పైకెత్తితే, పలుచని పొర క్రింద తెల్లని గింజవలె కనిపిస్తుంది.

మనుషులలో హైపోథాలమస్ తన సంకేత రసాయనాలను సన్నని రక్తనాళాల గుండా ఈ గ్రంథికి పంపుతుంది. ఎముకలు గల చేపలలో ప్రధానమైన మార్గం వేరు. మెదడులోని నాడీ తంతువులే గ్రంథిలోనికి చొచ్చుకొని వచ్చి, హార్మోనులను తయారుచేసే కణాల ప్రక్కనే తమ సంకేతాలను విడుస్తాయి.

సంతానోత్పత్తి విషయంలో ఆ సంకేతాలు ముఖ్యంగా రెండు. మొదటిది 10 అమైనో ఆమ్లాలతో కూడిన గొనడోట్రోపిన్ విడుదల హార్మోను. ఇది పీయూష గ్రంథిని పని చేయమని ప్రేరేపిస్తుంది. రెండవది డోపమిన్. ఇది పని ఆపమంటుంది. బండికి ఎద్దులు ఎంత అవసరమో పల్లంలో పగ్గం బిగించడమూ అంతే అవసరం కదా. కార్ప్ జాతి చేపలలో ఈ పగ్గం చాలా బిగువైనది.

పీయూష గ్రంథి తన వంతుగా రెండు హార్మోనులను రక్తంలోనికి పంపుతుంది. ఎఫ్.ఎస్.హెచ్. అనబడేది గుడ్లు పెరిగే నెలలలో ముఖ్యంగా పనిచేస్తుంది. దాని ప్రేరణతో అండాశయం ఈస్ట్రడయోల్‌ను తయారు చేస్తుంది. ఈస్ట్రడయోల్ రక్తం ద్వారా కాలేయానికి చేరి, గుడ్డుసొనకు కావలసిన మాంసకృత్తును అక్కడ తయారు చేయిస్తుంది. ఆ సరుకు తిరిగి రక్తం ద్వారానే అండాశయానికి వచ్చి గుడ్లలో నిండుతుంది. అనగా చేప గుడ్డులోని సొన కాలేయంలో పుట్టినదే.

ఎల్.హెచ్. పని చివరి గంటలలోనిది. ఇది ఒక్కసారిగా పొంగినప్పుడు అండాశయంలో మరొక హార్మోను పుడుతుంది. దీనిని జపాన్ శాస్త్రవేత్త నాగహామా, ఆయన సహచరుడు 1985లో సాల్మన్ జాతి చేపలో గుర్తించారు. దాని ప్రభావంతో గుడ్డు నడుమనున్న కేంద్రకం అంచుకు జరిగి కరిగిపోతుంది, గుడ్డు పొరను వీడి బయటకు రావడానికి సిద్ధమవుతుంది.

చెరువులోని శీలావతిలో మొదటి ఘట్టం పూర్తి అవుతుంది, రెండవది జరగదు. ప్రవాహం, మునిగిన ఒడ్లు, చల్లబడిన వాననీరు కలిసి వచ్చే నదిలో మెదడు ముందుకు సాగమంటుంది. చెరువులో ఆ సూచనలు అందవు, డోపమిన్ పగ్గం సడలదు, ఎల్.హెచ్. పొంగదు.

పూర్వం దీని వలన కలిగిన కష్టం తక్కువది కాదు. పెంపకానికి కావలసిన పిల్లలను వరదల కాలంలో నదులలో వలలు కట్టి పట్టవలసి వచ్చేది. వచ్చినదానిలో మంచి జాతులు ఎన్నో, చెరువులో తక్కినవాటిని మింగివేసే వాలుగ పిల్లలు ఎన్నో, విప్పి చూస్తే గాని తెలిసేది కాదు. పీయూష గ్రంథి సారాన్ని చేపకు ఎక్కించే ప్రయోగం 1930 ప్రాంతంలో అర్జెంటీనాలో హౌసే చేశాడు. తరువాత బ్రెజిల్‌లో ఫాన్ ఇహేరింగ్ దానిని చేపల ఉత్పత్తికి వినియోగించాడు. మన జాతులలో విజయం ఒడిశాలోని అనుగుల్ చేపల క్షేత్రంలో లభించింది. అక్కడ 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి, అలీకున్హి గారల బృందం శీలావతి, మోసు వంటి చేపల చేత నిలువ నీటిలోనే గుడ్లు పెట్టించింది. ఆ తేదీనే దేశమంతటా మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఒడిశా సరిహద్దు సంతలలో రొహి, భాకుర, మిరికాళి అని పిలిచే చేపలు మన శీలావతి, బొచ్చె, మోసులే. కొల్లేరు చుట్టుప్రక్కల విస్తరించిన చెరువులకు కూడా విత్తనం ఈ మార్గాననే వచ్చింది.

పద్ధతి వినడానికి సులభం. గుడ్లు పెట్టే దశకు వచ్చిన చేపల నుండి గ్రంథులను తీసి శుద్ధమైన ఆల్కహాలులో నిలువ చేస్తారు. పనివేళకు నూరి, వడకట్టి, తేటను సూదితో ఇస్తారు. ఆడచేపకు కిలో బరువుకు మొదట 2 నుండి 3 మిల్లీగ్రాములు, సుమారు 6 గంటల తరువాత 5 నుండి 8 మిల్లీగ్రాములు. మగచేపకు ఆ రెండవ సమయంలో ఒక్కసారి 2 నుండి 3 చాలు. రెండవ సూది తరువాత నాలుగు నుండి ఆరు గంటలలో గుడ్లు పడతాయి. ఇక్కడ జరిగినదల్లా, చేప గ్రంథి విడువని ఎల్.హెచ్.ను మరొక చేప గ్రంథి నుండి అరువు తెచ్చి ఇవ్వడమే. చిక్కు కూడా అందులోనే ఉన్నది. గ్రంథిలోని బలం ఏ చేప నుండి, ఏ నెలలో తీశారన్న దానిని బట్టి మారుతుంది.

దీనికి మేలైన ఉపాయం డోపమిన్ సంగతి తెలిసిన తరువాత దొరికింది. కెనడాలో రిచర్డ్ పీటర్, చైనాలో లిన్ హావోరాన్ జరిపిన పరిశోధనల వలన, సాల్మన్ చేపలోని విడుదల హార్మోనును పోలిన కృత్రిమ పదార్థాన్ని, డోపమిన్‌ను అడ్డుకొనే డోంపెరిడోన్ అనే మందుతో కలిపి ఇచ్చే పద్ధతి 1980లలో రూపొందింది. నేడు హేచరీలలో వాడే ఓవాప్రిమ్ వంటి మందులు ఈ కోవలోనివే. ఒక్క సూది చాలును. ఇందులో ఎల్.హెచ్. లేదు. పగ్గం సడలించి తోలితే చేప తన గ్రంథిలో దాచుకొన్న ఎల్.హెచ్.నే విడుస్తుంది. అందుచేత గుడ్లు పక్వానికి రాని చేపకు ఎంత మందు ఇచ్చినా ఫలితం ఉండదు. ఈ సూది తల్లిదండ్రి చేపలకే గాని, చెరువులో పెంచే పిల్లలకు కాదు. తిలాపియా పిల్లలను మగవాటిగా మార్చడానికి మేతలో కలిపే హార్మోను వేరు సంగతి.

తల్లి చేపలను వలలో ఎక్కువసేపు త్రిప్పడం, గట్టుమీద ఉంచడం తగదని అనుభవజ్ఞులు చెప్పే మాటకూ ఈ గ్రంథితో సంబంధం ఉన్నది. బెదిరిన చేపలో హైపోథాలమస్ సంకేతంతో పీయూష గ్రంథి మరొక హార్మోనును విడుస్తుంది. అది తల భాగంలోని మూత్రపిండం చేత కార్టిసాల్‌ను స్రవింపజేస్తుంది. కార్టిసాల్ ఎక్కువసేపు హెచ్చుగా ఉంటే గుడ్ల పని మందగిస్తుంది.

పెరుగుదల, చర్మపు రంగు మారడం, అవటు గ్రంథి పని కూడా పీయూష గ్రంథి అదుపులోనివే. వీటిలో ప్రొలాక్టిన్ సంగతి యానాం వారికి ఆసక్తికరం. పాలిచ్చే జంతువులలో పాలకు తోడ్పడే ఈ హార్మోను, చేపలలో మంచినీటి జీవితానికి తోడ్పడుతుంది. సముద్రంలో చేప ఉప్పునీరు త్రాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా బయటకు నెట్టాలి. నదిలోనికి వస్తే లెక్క తలక్రిందులవుతుంది: నీరు తనంతట ఒంటిలోనికి చేరుతుంది, ఉప్పు బయటకు పోతుంది. అప్పుడు ప్రొలాక్టిన్ మొప్పల గుండా ఉప్పు పోకుండా కాపాడి, మూత్రపిండం ద్వారా నీటిని పలుచని మూత్రంగా వెళ్లగొట్టడానికి సాయపడుతుంది. సముద్రపు నీటికి అలవాటు పడడానికి కార్టిసాల్, పెరుగుదల హార్మోను తోడ్పడతాయి. సముద్రంలో విలస అనిపించుకొన్న చేప వరద గోదావరికి ఎదురీది పులస అయ్యే వేళ, గుడ్లు విడిచే ఏర్పాటుతో పాటు ఈ ఉప్పునీటి లెక్కను కూడా ఏకకాలంలో నడపవలసి ఉంటుంది.