గృహఋణమునకు అర్హుడెవడు?

సంస్కృతమున 'అర్హ' ధాతువునకు తగుట యనియు, పూజించుట యనియు రెండర్థములు కలవు. సర్కారు కచేరీలలో 'అర్హత' యను మాట వినబడునపుడు మొదటి యర్థమొక్కటియే మిగులుచున్నది. రెండవదానిని మనము మరచితిమి. పేదవాడొకడు ఇల్లు కట్టుకొనుటకు ఋణము కోరి వచ్చినపుడు, అతడు తగినవాడగునో కాడో నిర్ణయించు వారెవరు? ఏ కొలతతో నిర్ణయింతురు? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రముల గ్రామ గృహఋణ చరిత్రమునందు కొంత సమాధానము దొరకును.

1930 తరువాతి ఆర్థిక సంక్షోభమున ఆ దేశపు పల్లెలు చితికిపోయెను. 1937లో చేసిన బాంక్‌హెడ్-జోన్స్ చట్టము కౌలుదారులకు భూమి కొనుటకై ఋణము లిప్పించెను. 1946లో ఫార్మర్స్ హోమ్ అడ్మినిస్ట్రేషన్ అను సంస్థ యేర్పడెను. 1949 జులై 15వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ సంతకము చేసిన గృహవసతి చట్టము, ప్రతి కుటుంబమునకును యోగ్యమైన యిల్లు లభింపవలెనని లక్ష్యమును ప్రకటించెను. ఆ చట్టములోని అయిదవ భాగము పల్లెలకు సంబంధించినది. దాని 502వ సెక్షను క్రింద నూటికి 4కు మించని వడ్డీతో, 33 సంవత్సరముల గడువుతో ఋణ మిచ్చుటకు వీలు కలిగెను.

కాని చదువరులు ఇచ్చట నొక విషయమును గమనింపవలెను. 'ప్రతి కుటుంబము' అని పీఠికలో నున్నది. లోపలికి పోగా 'కమత మున్నవాడు' అని యున్నది. 1944 నాటి ధరలలో ఏటికి 400 డాలర్లకు తక్కువ కాని ఫలసాయ మిచ్చు భూమికి యజమాని యైనవాడే అర్హుడు. అతడు తన కూలీల కొరకు ఇండ్లు కట్టించుటకు ఋణము పొందవచ్చును; కూలి మాత్రము తన పేర పొందరాదు. పంట కోసిన చేతులకు గాక, పంట కొలిచిన చేతులకే అర్హత దక్కెను.

దరఖాస్తులను పరిశీలించి సిఫారసు చేయుటకు కౌంటీ కమిటీలు ముగ్గురేసి సభ్యులతో నుండెడివి. కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లా వంటిది. స్థానికులకే స్థానికుల మంచిచెడ్డలు తెలియునను తలంపు మంచిదే. కాని స్థానికుల పక్షపాతములు కూడ స్థానికములే. వ్యవసాయ శాఖ పథకములలో నీగ్రో రైతులకు అన్యాయము జరుగుచున్నదని అమెరికా పౌరహక్కుల కమిషను 1965లో తన నివేదికయందు తేల్చెను. కాగితముపై నున్న అర్హత, కమిటీ బల్లయొద్దకు వచ్చుసరికి మరియొక రూపము దాల్చుచుండెను.

1961లో చట్టము సవరింపబడి, కమతము లేని గ్రామవాసులకు కూడ ఋణార్హత కలిగెను. దీని ఫలము కాలిఫోర్నియాలోని టులేరీ కౌంటీలో చూడవచ్చును. అచ్చటి గోషెన్ అను చిన్న యూరిలో 1963లో మూడు వ్యవసాయకూలీ కుటుంబములు, క్వేకరుల సేవాసంఘము తోడ్పడగా, ఈ ఋణముతో తమ యిండ్లను తామే కట్టుకొనెను. ఒకరి యింటికి మరియొకరు పని చేయుట ఈ పద్ధతి. సొమ్ము లేనివాడు తన శ్రమనే మూలధనముగా పెట్టును. 1965లో ఆ ప్రాంతమున స్థాపితమైన సెల్ఫ్ హెల్ప్ ఎంటర్‌ప్రైజెస్ అను సంస్థ నేటివరకు ఆరు వేలకు మించిన యిండ్లను ఇట్లు కట్టించినది. 1949లో అనర్హులనబడినవారే 1963లో గృహస్థులైరి. మారినది మనుష్యుడు కాదు, చట్టము.

ఇక 'పల్లె' అనగా నేది? మొదట 2,500 జనాభాకు లోబడినది, 1965లో 5,500, 1970లో 10,000. 1974లో, మహానగర పరిధికి వెలుపల నుండి ఋణసౌకర్యము కొరవడిన చోట్ల, 20,000 వరకు హద్దు పెంచిరి. జనాభా లెక్క మారినప్పుడు నిన్నటి పల్లె నేడు పట్టణమగును. టులేరీ కౌంటీకి ముఖ్యపట్టణమైన వైసేలియాలో 2020 నాటికి 1,41,000 మంది యుండిరి. అట్టిది పల్లె కానేరదు. కాని హద్దుగీత కిరువైపుల నున్న కుటుంబముల పేదరికము ఒక్కటియే కావచ్చును.

1990లో మరియొక మార్పు వచ్చెను. ప్రభుత్వము తానే ఋణ మిచ్చుటకు తోడు, బ్యాంకు లిచ్చు ఋణమునకు నూటికి 90 వంతుల వరకు పూచీ యుండు పద్ధతి యేర్పడెను. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయమునకు నూటికి 115 వంతుల వరకు సంపాదించువారు ముందుగా సొమ్ము చెల్లింపకయే దీనిని పొందవచ్చును. ఇది మధ్యతరగతికి మేలే. కాని మిక్కిలి బీదలకు ఉపకరించునది, వడ్డీని నూటికి ఒకటి వరకు తగ్గింపగల సూటి ఋణము. 1970 దశకమున నొకప్పుడు ఏటికి లక్షకు పైగా నిచ్చిన ఆ ఋణములు, ఇటీవల పదివేలకు లోపుగా దిగజారినవి. బ్యాంకు పూచీని చూచును, గుడిసెను చూడదు.

కావున అర్హత దైవనిర్మితము కాదు. మనుష్యులు గీసిన గీతను మనుష్యులు చెరిపి మరల గీయవచ్చును. 1961లో అట్లే జరిగినది. ఏ దేశమందైనను గృహపథకము వెలువడినపుడు మనము పీఠికలోని ఆశయముతో తృప్తి చెందరాదు. నిర్వచనముల పుట తెరచి, అందెవరి పేరు లేదో వెదకవలెను. అచ్చట లేనివాని కొరకే ఆ చట్టము పుట్టవలసి యుండెను.