మిగిలిన సీసాలు, తినేసిన బిస్కెట్

కరెంటు, ఫోన్ సిగ్నల్ లేని చోట రెండు రోజులు ఉండొద్దామని ఓ నలుగురు అనుకుంటే, వాట్సాప్ గ్రూప్‌లో మొదట తేలేది బియ్యం సంగతో దుప్పట్ల సంగతో కాదు. ఏ బ్రాండు, ఎన్ని సీసాలు అనేదే. నవ్వొస్తుంది కానీ ఈ చర్చకి గౌరవనీయమైన చరిత్రే ఉంది. 1907లో ఎర్నెస్ట్ షాకల్టన్ అంటార్కిటికాకి సామాను సర్దుతున్నప్పుడు ఇదే లెక్క వేశాడు. ఆయన వెళ్తున్నది రెండు రోజులకి కాదు, ఏడాదికి పైగా. మర్చిపోయినవి తెచ్చుకోవడానికి దగ్గర్లో కొట్టు ఉండదు. దగ్గర్లో అసలు మనిషే ఉండడు.

షాకల్టన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1914 నాటి ఎండ్యూరెన్స్ యాత్ర, మంచులో నలిగిపోయిన ఆ ఓడ. నేను చెప్పేది అంతకుముందు నిమ్‌రాడ్ అనే ఓడలో చేసిన యాత్ర గురించి. అప్పటికి ఆయనకి 33 ఏళ్ళు. అంతకుముందు కెప్టెన్ స్కాట్‌తో కలిసి దక్షిణానికి వెళ్ళి, జబ్బుపడి, 1903లో మధ్యలోనే ఇంటికి పంపించబడ్డవాడు. ఈసారి తనే నాయకుడు. డబ్బంతా అప్పూ చందా కలిపి పోగేసింది. అలాంటి బడ్జెట్‌లో ఆయన తెప్పించిన మందు లెక్క ఇది: 25 పెట్టెల విస్కీ, 12 పెట్టెల బ్రాందీ, 6 పెట్టెల పోర్ట్ వైన్. విస్కీ స్కాట్లాండ్‌లోని చార్లెస్ మకిన్లే కంపెనీది, పేరు రేర్ ఓల్డ్ హైలాండ్ మాల్ట్.

పెట్టెకి డజను చొప్పున 300 విస్కీ సీసాలు. వినడానికి పెద్ద పార్టీలాగే ఉంటుంది. నాలాంటి ఇంజనీర్లకి ఏ అంకె చూసినా భాగించి చూడటం అలవాటు కాబట్టి భాగించాను. ఒడ్డున చలికాలం గడపబోయేది 15 మంది. మనిషికి 20 సీసాలు. ఏడాదికి పరిస్తే ఒక్కో సీసా 18 రోజులు రావాలి. అంటే రోజుకి, మన బార్ల భాషలో, ఒక స్మాల్ కంటే కొంచెం ఎక్కువ. ఓడ మీదివాళ్ళ వాటా తీసేస్తే అంత కూడా రాదు. తాగి పడిపోవడానికి వేసుకున్న లెక్క కాదిది. రేషన్.

మరి చలికి కదా విస్కీ అంటారా? కాదు, మందు చలికి విరుగుడు కాదు. తాగితే చర్మం దగ్గరి రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. ఒంట్లో లోపలున్న వేడి బయటికొచ్చి పోతుంది. ఆ పోతున్న వేడే మనకి వెచ్చగా అనిపిస్తుంది. ధ్రువ ప్రయాణాల్లో మందు పనికిరాదని నార్వే యాత్రికుడు నాన్సెన్ అప్పటికే గట్టిగా చెప్పేశాడు. ఆ సంగతి షాకల్టన్ ఎరగనిదేం కాదు. అయినా 43 పెట్టెలు ఎక్కించాడు. ఎందుకో తెలియాలంటే ఆ గుడిసెలోకి వెళ్ళాలి.

రాస్ ద్వీపంలో కేప్ రాయిడ్స్ అనే చోట, పెంగ్విన్ల కాలనీ పక్కన, 1908 ఫిబ్రవరిలో కట్టిన చెక్క గుడిసె అది. పొడవు 33 అడుగులు, వెడల్పు 19. మన లెక్కలో ఒక చిన్న సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. అందులో 15 మంది. వంటకీ వెచ్చదనానికీ ఒక బొగ్గు పొయ్యి, వెలుతురుకి ఎసిటిలీన్ గ్యాసు దీపాలు. ఏప్రిల్ చివర్లో అస్తమించిన సూర్యుడు మళ్ళీ ఆగస్టు చివరికి గానీ కనబడడు. నాలుగు నెలలు ఒకటే రాత్రి. బయటికి పోలేరు, లోపల ఒకరి మొహాలు ఒకరు తప్ప ఇంకేం లేదు. 50 ఏళ్ళ సిడ్నీ ప్రొఫెసర్ ఎడ్జ్‌వర్త్ డేవిడ్ దగ్గర్నుంచి, 21 ఏళ్ళ బ్రాకిల్‌హర్స్ట్ అనే ధనిక కుర్రాడి దాకా, బయట లోకంలో ఒక బల్ల దగ్గర కూర్చోని మనుషులు వాళ్ళు.

అలాంటి చోట మందు చేసే పని వేడి పుట్టించడం కాదు, రోజుల్ని విడగొట్టడం అని నాకనిపిస్తుంది. ఎవరిదో పుట్టినరోజు, జూన్‌లో నడి చలికాలపు పండగ. పొద్దూ మాపూ లేనప్పుడు నిన్నకీ ఇవాళ్టికీ తేడా తెలియాలంటే ఏదో ఒక గుర్తు పెట్టుకోవాలి. గుడిసెలో విస్కీ ఒక రకంగా క్యాలెండర్. షాకల్టన్‌కి నావిగేషన్ కంటే ఇది బాగా తెలుసు.

అందుకే విస్కీ గుడిసె దాకానే. ధ్రువం వైపు స్లెడ్జి కట్టినప్పుడు లెక్క పూర్తిగా మారిపోయింది. 1908 అక్టోబర్ 29న నలుగురు బయల్దేరారు: షాకల్టన్, ఆడమ్స్, డాక్టర్ మార్షల్, ఫ్రాంక్ వైల్డ్. తిండి 91 రోజులకి. మనిషికి రోజుకి 34 ఔన్సులు, అంటే కిలోకి కాస్త తక్కువ. నాలుగు గుర్రాల్లో మూడింటిని ఒక్కొక్కటిగా చంపి తిన్నారు. మిగిలిన నాలుగోది, సాక్స్, డిసెంబర్ 7న మంచు పగులులో పడిపోయింది. గుర్రం పోయినందుకు ఎంత బాధో, దాని మాంసం పోయినందుకూ అంతే. క్రిస్మస్ రోజు ప్లమ్ పుడ్డింగ్ మీద కొంచెం బ్రాందీ, తలా ఒక చెంచా క్రెమ్ ద మాంత్ అనే పుదీనా లికర్, ఒక్కో చుట్ట. పండగంతా అంతే. ఆ పీఠభూమి మీద వాళ్ళకున్న విలాసం ఒక చెంచాడు.

1909 జనవరి 9న 88 డిగ్రీల 23 నిమిషాల దక్షిణ అక్షాంశం చేరారు. అంతవరకు ఎవరూ అంత దక్షిణానికి వెళ్ళలేదు. ధ్రువం ఇంకా 97 నాటికల్ మైళ్ళు, సుమారు 180 కిలోమీటర్లు. వెళ్తే చేరేవాళ్ళేమో, తిరిగొచ్చేవాళ్ళు మాత్రం కాదు. షాకల్టన్ వెనక్కి తిరిగాడు. ధ్రువాన్వేషణల చరిత్రలో నేను అన్నిటికన్నా గౌరవించే నిర్ణయం ఇదే. కింది వాళ్ళ ప్రాణాలు పణంగా పెట్టి డెడ్‌లైన్ అందుకోవడం గొప్ప అనుకునే ప్రపంచంలో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఇంకాస్త ఎక్కువ గౌరవిస్తానేమో.

తిరుగు దారిలో తిండి అయిపోవచ్చింది. గుర్రం మాంసం తిని వైల్డ్‌కి విరేచనాలు పట్టుకున్నాయి. జనవరి 31న షాకల్టన్ తన పొద్దుటి బిస్కెట్‌ని, ఎవరూ చూడకుండా, బలవంతంగా వైల్డ్ చేత తినిపించాడు. వద్దంటే మంచులో పారేస్తానన్నాడట. వేల పౌండ్లిచ్చినా ఆ బిస్కెట్ విలువ రాదని వైల్డ్ తన డైరీలో రాసుకున్నాడు.

నలుగురూ బతికి బయటపడ్డారు. మార్చి మొదట్లో సముద్రం గడ్డకట్టేలోపు నిమ్‌రాడ్ హడావిడిగా బయల్దేరింది. 15 మందికి ఏడాది సరిపడే సరుకులు గుడిసెలోనే వదిలేశారు. ఎప్పుడైనా ఎవరైనా చిక్కుకుంటే పనికొస్తాయని. పనికొచ్చాయి కూడా. 1915-17 మధ్య ఎండ్యూరెన్స్ యాత్రలోనే రెండో జట్టు అక్కడ చిక్కుకుపోయి, ఈ గుడిసెలో వెతుక్కుని దొరికినవి పట్టుకెళ్ళింది. కానీ నేల చెక్కల కింద ఉన్న కొన్ని పెట్టెలు ఎవరి కంటా పడలేదు. క్రమంగా వాటి చుట్టూ మంచు బిగిసిపోయింది.

దాదాపు నూరేళ్ళ తర్వాత, 2006లో, ఆ గుడిసెని పరిరక్షిస్తున్న న్యూజిలాండ్ వాళ్ళ అంటార్కిటిక్ హెరిటేజ్ ట్రస్టుకి ఆ పెట్టెలు కనబడ్డాయి. 2010లో మంచు తొలిచి బయటికి తీస్తే మొత్తం ఐదు: మూడు విస్కీవి, రెండు బ్రాందీవి. చుట్టూ ఉన్నది రాయిలాంటి మంచే అయినా పెట్టె కదిపితే లోపల ద్రవం కదులుతున్న చప్పుడు. ఒక్క విస్కీ పెట్టెని క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ మ్యూజియంకి తీసుకెళ్ళి, చల్లటి గదిలో రోజుల తరబడి మెల్లగా కరిగించారు. ఆగస్టులో తెరిస్తే, కాగితంలో గడ్డిలో చుట్టిన 11 సీసాలు.

ఇక్కడ కథలోకి మన దేశస్థుడొకాయన వస్తాడు. మకిన్లే బ్రాండు అప్పటికి వైట్ అండ్ మకాయ్ అనే స్కాచ్ కంపెనీ చేతుల్లో ఉంది. ఆ కంపెనీని 2007లో 59.5 కోట్ల పౌండ్లకి కొన్నది విజయ్ మాల్యా గ్రూపు. 2011 జనవరిలో మూడు సీసాలు మాల్యా సొంత జెట్‌లో స్కాట్లాండ్‌కి వెళ్ళాయి.

అక్కడ మాస్టర్ బ్లెండర్ రిచర్డ్ పాటర్సన్ బృందం మూత తీయలేదు. కార్కు గుండా సూది గుచ్చి కొద్దికొద్దిగా శాంపిల్ తీసుకుంది. ఆల్కహాల్ 47.3 శాతం ఉందని తేలింది. అంత ఘాటైన మందు మైనస్ 30 దగ్గర కూడా ద్రవంగానే ఉంటుంది, అందుకే ఆ చప్పుడు. బార్లీని ఆరబెట్టడానికి మండించిన పీట్ ఆర్క్నీ దీవులదని రసాయన పరీక్షల్లో గుర్తుపట్టారు. అన్నిటికన్నా ఆశ్చర్యం రుచి. ఆ కాలపు విస్కీ అంటే ముతకగా, పొగ వాసనతో గొంతు మండించేదని అందరి అంచనా. ఇది తేలిగ్గా, నాజూగ్గా, పళ్ళ వాసనతో ఉంది. ఆనాటి మనుషుల గురించి మనం కట్టుకున్న మోటు బొమ్మకి ఒక చిన్న దిద్దుబాటు.

తర్వాత పాటర్సన్ దానికి నకలు తయారు చేశాడు. మా వృత్తిలో దీన్ని రివర్స్ ఇంజనీరింగ్ అంటాం: సోర్స్ కోడ్ లేదు, అవుట్‌పుట్ మాత్రమే ఉంది. మకిన్లే వాళ్ళ డిస్టిలరీ, ఇన్వర్‌నెస్‌లోని గ్లెన్ మోర్, 1983లో మూతపడింది, 1986లో కూల్చేశారు. కాబట్టి వేర్వేరు మాల్టుల్ని, గ్లెన్ మోర్‌వి మిగిలిన పాత నిల్వ కొంచెం చేర్చి, ఆ రుచి వచ్చేదాకా కలిపాడు. 50,000 సీసాలు, ఒక్కోటి సుమారు 100 పౌండ్లు. అందులో 5 పౌండ్లు ట్రస్టుకి. గుడిసె మరమ్మతులకి ఉపయోగపడే డబ్బు కాబట్టి తప్పుపట్టను. కానీ ‘షాకల్టన్ విస్కీ’ అనే పేరు దగ్గరే నాకు పేచీ.

ఎందుకంటే మన చేతికొచ్చిన సీసాలు షాకల్టన్ మనుషులు తాగిన విస్కీ కాదు. తాగకుండా మిగిలిపోయిన విస్కీ. ఇది మాటల గారడీ కాదు. చరిత్రలో మనకి దొరికే సాక్ష్యాల్లో ఎప్పుడూ ఉండే ఒరుగు. అవసరమైనది వాడకంలో అయిపోతుంది. అవసరం దాటినదే నిలుస్తుంది. ఆకలి ఉన్నచోట వస్తువులు మిగలవు. పరమాన్నపు గిన్నెలు మ్యూజియానికి చేరతాయి, గంజి తాగిన ముంతలు పగిలి మట్టిలో కలుస్తాయి. ఆ యాత్రలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఏదంటే వైల్డ్ నోట్లో కరిగిపోయిన ఆ బిస్కెట్. దానికి సూది గుచ్చి శాంపిల్ తీయలేం. డైరీలో ఒక మాట తప్ప దానికి ఏ ఆధారమూ లేదు.

వైల్డ్ తర్వాతి జీవితం కూడా అలాగే గడిచింది. ఎండ్యూరెన్స్ మునిగినప్పుడు ఎలిఫెంట్ ద్వీపంలో 21 మందిని నెలల తరబడి కాచుకుని నిలబెట్టినవాడు, చివరికి దక్షిణాఫ్రికాలో చిన్నాచితకా పనులు చేస్తూ, కొన్నాళ్ళు బార్‌మన్‌గా కూడా బతికి, 1939లో పోయాడు. ఆయన చితాభస్మం జొహానెస్‌బర్గ్‌లో ఒక శ్మశానవాటిక గదిలో 70 ఏళ్ళకి పైగా అలాగే ఉండిపోయింది. 2011లోనే, సీసాలు జెట్ ఎక్కిన ఏడాదిలోనే, దాన్ని సౌత్ జార్జియా ద్వీపానికి తీసుకెళ్ళి షాకల్టన్ సమాధికి కుడిపక్కన ఉంచారు. ఆ వార్త ఎంతమందికి తెలిసిందో, విస్కీ వార్త ఎంతమందికి తెలిసిందో పోల్చి చూసుకోండి.

మాల్యా కథ మనకి తెలిసిందే. 2012 అక్టోబర్‌లో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయాయి. నెలల తరబడి జీతాల్లేని ఉద్యోగులు రోడ్డెక్కారు. 2014లో వైట్ అండ్ మకాయ్ ఫిలిప్పీన్స్ కంపెనీ ఎంపెరడార్‌కి అమ్ముడైంది. షాకల్టన్ కూడా అప్పుల మనిషే. తిరిగొచ్చాక బ్రిటిష్ ప్రభుత్వం 20,000 పౌండ్లిస్తే గానీ గట్టెక్కలేదు. అప్పులు చేసే నాయకులందర్నీ ఒకే గాటన కట్టేయలేం. కష్టం వచ్చిన రోజున ఎవరి బిస్కెట్ ఎవరికి పోయిందన్నది చూడాలి.

ఒక్క మినహాయింపు చెప్పాలి, అదీ సాహిత్యం చదివేవాళ్ళకి నచ్చేది. ఆ గుడిసెలో ఆ నాలుగు నెలల రాత్రిలోనే వాళ్ళు ‘అరోరా ఆస్ట్రాలిస్’ అనే పుస్తకం రాసి, అచ్చేసి, బైండు చేశారు. అంటార్కిటికాలో తయారైన మొదటి పుస్తకం అది. సిరా గడ్డకట్టకుండా కింద కొవ్వొత్తి పెట్టుకుని అచ్చుకొట్టారు. వంద కూడా లేని ఆ ప్రతులకి అట్టలు, సరుకులొచ్చిన పెట్టెల చెక్కలే. కొన్ని ప్రతుల లోపలి వైపు ఆ పెట్టె మీది అక్షరాలు ఇంకా ఉన్నాయి: ఒకదాని మీద వెన్న, ఇంకోదాని మీద ఐరిష్ స్టూ. అక్కడ తినేసిన తిండి కనీసం పేరు మిగుల్చుకుంది.

సీసాల సంగతి: 2013 జనవరిలో న్యూజిలాండ్ ప్రధాని జాన్ కీ ఆ మూడింటినీ అంటార్కిటికాలోని స్కాట్ బేస్‌లో ట్రస్టుకి అప్పగించాడు, వాటిని మళ్ళీ గుడిసె చోటికే చేర్చడానికి. అక్కడి నియమం ప్రకారం అవి అక్కడే ఉండాలి. ఇక ఎవరూ తాగరు.