డెస్క్‌టాప్ కంప్యూటర్ల శీతలీకరణ: కనిగిరి ఎండల్లో

కంప్యూటర్ వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే తేలుతుంది. ఆ వేడిని ప్రాసెసర్ నుంచి లాగి, క్యాబినెట్ దాటించి, గదిలోకి వదిలే ఏర్పాట్లనే శీతలీకరణ అంటారు. అయితే మామూలు ఫ్యాన్ గదిలో గాలిని కదిలిస్తుందే తప్ప దాన్ని చల్లబరచదు. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలైన ఆంధ్రప్రదేశ్ పట్టణం కనిగిరిలో ఆ గాలే వేడిగా ఉంటుంది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింకులు తయారుచేసినవాళ్ళు లెక్కలోకి తీసుకున్న గది వేరు, ఇక్కడి గది వేరు. ఈ ప్రాంతంలో డెస్క్‌టాప్ చరిత్ర చాలావరకు ఆ తేడాతో పడిన పాట్లే.

మొదట్లో కంప్యూటర్లకు చల్లదనం ఖర్చు లెక్కచేయకుండా సమకూర్చేవారు. 1946లో అమెరికాలో ప్రజల ముందుకొచ్చిన ఎనియాక్‌లో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులుండేవి. అది 150 కిలోవాట్ల కరెంటు తినేది, దాన్ని చల్లార్చడానికి పెద్ద బ్లోయర్లు పనిచేసేవి. తెలుగునేలపై కంప్యూటర్ల తయారీకి నాంది పలికింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన డాక్టర్ ఎ.ఎస్. రావు సారథ్యంలో 1967లో మొదలైన ఈ సంస్థ 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను బయటికి తెచ్చింది. ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న యంత్రమది. ఆ తరం కంప్యూటర్ ఎక్కడ పెట్టినా ఏసీ గది, ప్రత్యేక సిబ్బంది దాని వెంటే ఉండాల్సిందే.

బల్లమీదికి దిగాక ఆ వైభవం పోయింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసర్ రెండు మూడు వాట్లకు మించి వాడేది కాదు. దానికి హీట్‌సింక్ లేదు, సొంత ఫ్యాను లేదు. 63.5 వాట్ల పవర్ సప్లైలో ఉన్న ఒక్క ఫ్యానే పెట్టె మొత్తానికీ గాలి ఆడించేది. 486 ప్రాసెసర్ల కాలానికి అల్యూమినియం రెక్కల హీట్‌సింక్ వచ్చింది. 1993 నాటి మొదటి పెంటియం సుమారు 15 వాట్లకు చేరడంతో హీట్‌సింక్ మీద చిన్న ఫ్యాన్ కూడా తప్పనిసరైంది.

సరిగ్గా ఆ దశలోనే ఆంధ్రప్రదేశ్ చిన్న పట్టణాలకు కంప్యూటర్ వచ్చింది. 1998 నవంబరులో ‘కార్డ్’ పథకం కింద సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లకెక్కాయి. 2001లో హైదరాబాద్‌లో ఈసేవ, 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. వీటితోపాటు డీటీపీ సెంటర్లు, ఇంటర్నెట్ షాపులు, లారీలు తూచే కాటా దగ్గరి గదులు. ఏసీ గదిలో పుట్టిన యంత్రం రేకుల కప్పు కిందికి చేరింది.

యంత్రం మాత్రం అదే సమయంలో మరింత వేడెక్కుతూ పోయింది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్ళు నడుస్తున్న ప్రాసెసర్ల మీద నుంచి హీట్‌సింక్ ఊడబెరికి చూపించారు. ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో కాలిపోయింది. పెంటియం 4 మాత్రం తన వేగం తానే తగ్గించుకుని బతికింది. వేడెక్కితే నెమ్మదించడం, మరీ మించితే ఆగిపోవడం ఆ తర్వాత క్రమంగా ప్రాసెసర్లన్నిటికీ అబ్బింది. 2004 ఫిబ్రవరిలో వచ్చిన ప్రెస్కాట్ పెంటియం 4లో వేగవంతమైన రకాలు 100 వాట్లు దాటాయి. ఆ దారిలో ఇక ముందుకు పోలేమని ఇంటెల్‌కే అర్థమై, 2006లో 65 వాట్ల కోర్ 2 డుయోతో వెనక్కి మళ్ళింది.

పెంటియం 4 రోజుల క్యాబినెట్ ఇంట్లో ఉంటే దాని పక్క మూతను ఒకసారి చూడండి. ప్రాసెసర్‌కు ఎదురుగా చిల్లులు, లోపలివైపు పొట్టి ప్లాస్టిక్ గొట్టం కనిపిస్తాయి. బయటి గాలిని నేరుగా ప్రాసెసర్ ఫ్యానుకు అందించడం కోసం ఇంటెల్ సూచించిన అమరిక అది. గది 35 డిగ్రీలున్నప్పుడు ఫ్యానుకు అందే గాలి 38 డిగ్రీలు దాటకూడదన్నది దాని లక్ష్యం. కనిగిరిలో ఎండాకాలం మధ్యాహ్నం ఆ 35 అన్న మొదటి షరతే నిలవదు. తప్పు కొన్నవాడిదీ కాదు, బాగుచేసేవాడిదీ కాదు. లెక్క వేసిన చోటే ఈ ఊరు లేదు.

ఉదాహరణకు 65 వాట్ల ప్రాసెసర్‌ను తీసుకోండి. దాని హీట్‌సింక్ వాట్‌కు 0.4 డిగ్రీల చొప్పున వేడి నిలుపుతుందనుకుంటే, చుట్టూ ఉన్న గాలికన్నా చిప్ 26 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఏసీ గదిలో క్యాబినెట్ లోపలి గాలి 31 అయితే చిప్ 57 దగ్గర ఆగుతుంది. 42 డిగ్రీల గదిలో లోపలి గాలి 48 అవుతుంది, చిప్ 74కు చేరుతుంది. ఇంతవరకూ ప్రమాదం లేదు. అదే హీట్‌సింక్ రెక్కలు దుమ్ముతో మూసుకుపోయి 0.4 కాస్తా 0.8 అయితే పెరుగుదల 52 డిగ్రీలు, మొత్తం 100. చాలా ఇంటెల్ ప్రాసెసర్ల హద్దు దాదాపు అదే. అంటే ఎండ ఒక్కటే కంప్యూటర్‌ను ఆపదు, ఎండకు దుమ్ము తోడైతేనే ఆపుతుంది.

దుమ్ముకు ఈ సీమలో కొదవ లేదు. చీమకుర్తి గ్రానైట్ పొడి, మార్కాపురం పలకల పొడి, గుంటూరు మిర్చి యార్డు ఘాటు ఒక ఎత్తు, పత్తి నూగు ఒక ఎత్తు. పొడి దుమ్ము రెక్కల మీద పొరగా పడితే, జిన్నింగ్ మిల్లు దగ్గరి కంప్యూటర్లో నూగు ఫ్యానుకూ హీట్‌సింక్‌కూ మధ్య దళసరి గుడ్డలా అల్లుకుంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్ చక్కగా తిరుగుతూనే ఉంటుంది. విప్పితే గానీ గాలి కిందికి దిగడం లేదని తెలియదు.

2004లో ఎల్‌జీఏ 775 సాకెట్‌తో వచ్చిన నాలుగు ప్లాస్టిక్ పిన్నుల హీట్‌సింక్ మరో తలనొప్పి. ఒక్క పిన్ను వదులైనా హీట్‌సింక్ ఓ మూల లేస్తుంది, మధ్యలో వేడిని దాటించే పేస్ట్ ఉన్నా ఫలితం ఉండదు. మదర్‌బోర్డుపై కెపాసిటర్లు ఉబ్బడమూ ఆ దశాబ్దంలో ఎక్కువగా కనిపించిన జబ్బే. నాసిరకం సరుకు ఒక కారణం, వేడి ఇంకో కారణం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ కెపాసిటర్ల ఆయుష్షు సుమారు సగమవుతుంది. కరెంటు కోతలు ఈ వేడిని ఇంకా పెంచాయి. కోత పడితే యూపీఎస్ మీద కంప్యూటర్ నడుస్తుంది, సీలింగ్ ఫ్యాన్ ఆగిపోతుంది. గదిలో గాలి కదలక వేడంతా క్యాబినెట్ చుట్టూనే పేరుకుంటుంది.

చాలామంది ఎయిర్ కూలర్‌ను కంప్యూటర్ వైపు తిప్పుతారు. గది చల్లబడటం మంచిదే కానీ, తడిగాలి నేరుగా తగిలితే లోపలి దుమ్ము ముద్దకట్టి రెక్కలకు అంటుకుపోతుంది. పైగా కనిగిరి ప్రాంతపు భూగర్భ జలాలు ఫ్లోరైడ్‌కూ లవణాలకూ పేరుపడినవి; కూలర్ తుంపరలు పడితే ఆ లవణాలు లోపల మిగిలిపోతాయి. కూలర్‌ను కిటికీ దగ్గర పెట్టి, గాలి మనుషుల మీదుగా పోయేలా తిప్పడం మేలు.

ఇక్కడి కంప్యూటర్‌కు నీళ్ళతో చల్లార్చే ఖరీదైన కూలర్లకన్నా శుభ్రతే ముఖ్యం. క్యాబినెట్‌ను గోడకు జానెడు దూరంలో, నేలకు కొంచెం ఎత్తులో ఉంచాలి. పత్తి తీతలు ముగిశాక, ఎండలు ముదరకముందే, అంటే మార్చిలోనే, ప్లగ్గు తీసి మూత విప్పి బ్లోయర్‌తో గాలి కొట్టించండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క గిర్రున తిరక్కుండా వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పోతుంది. హీట్‌సింక్ ఊడదీస్తే పాత పేస్ట్ పూర్తిగా తుడిచి, కొత్తది పలచగా వేయించి, నాలుగు పిన్నులూ బిగిశాయో లేదో చూసుకున్నాకే మూత వేయించండి.